తొమ్మిది పాయింట్ల ఆధిక్యం

రాయకోటలో మా మామగారికి, అంటే మా ఆవిడ నాన్నగారికి, మోటార్లు రిపేరు చేసే కొట్టు ఉంది. ఒక ఆదివారం పొద్దున ఆయన నా ఫోన్లో కంప్యూటర్‌తో చదరంగం ఆడారు. తన ఏనుగులు రెండూ పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఆట బిగుసుకుపోయింది. ఇటు ఎనిమిది బంట్లు, అటు ఎనిమిది, ముఖాలు ఆనించుకుని నిలబడ్డాయి. ఎవరూ ఎటూ దూరే సందు లేదు.

తెర మీద ఒక పక్కన మాత్రం కంప్యూటర్ తొమ్మిది పాయింట్లు పైన ఉన్నట్టు చూపిస్తోంది. నేను హోసూరు ఫ్యాక్టరీలో కొలతలు చూసేవాణ్ణి. యంత్రం అంకె చూపిస్తే నమ్మడం నా అలవాటు.

"ఓటమి ఒప్పుకోండి మామా," అన్నాను.

"ఎందుకప్పా? అది యాడ నుంచి వస్తుంది లోపలికి? దారి చూపించు."

చూపించలేకపోయాను. అయినా అంకె తొమ్మిదే. ఒక్క బంటూ కదలకుండా, ఏదీ చావకుండా యాభై ఎత్తులు గడిస్తే ఆట సమానమని చెప్పాను. మామ వెంటనే నట్ల డబ్బా ముందుకు లాక్కున్నారు. రాజును ఒక గడి కుడికి జరిపి ఒక నట్టు బల్ల మీద పెట్టారు. తర్వాత ఎడమకు జరిపి ఇంకొకటి.

డెంకణికోట నుంచి మోటారు మోసుకొచ్చిన రైతు ఒకాయన పని అడగడం మానేసి తెరలోకి వంగారు.

"రెండేనుగులుంటే ఏమప్పా, కంచె గట్టిగా ఉండాది గదా. మా చేను కాడ ఇట్లాంటి కంచె ఉంటే నేను నిద్రపోతా ఉంటిని."

పదిహేడో నట్టు దగ్గర మామకు టీ వచ్చింది. ఫోను రైతు చేతిలో పెట్టి, "రాజును ఆడికీ ఈడికీ నడిపించన్నా, ఇంకేం తాకొద్దు," అన్నారు. ఆయన చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. స్పేర్ పార్టులకు వచ్చినవాళ్లతో, "నట్లు ఇప్పుడు అమ్మేది లేదు," అని నేనే చెప్పాల్సి వచ్చింది.

నలభై దాటినా తొమ్మిదే. చివరి నాలుగైదు ఎత్తుల్లో అంకె ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది. యాభయ్యో నట్టుకు ఆట సమానమని తెర మీద పడింది.

మామ ఫోను ముఖం దగ్గర పెట్టుకుని, "ఇంతసేపూ గెలుస్తా ఉండానంటివి గదా! సిగ్గు లేదా?" అని అడిగారు. దాని తరఫున నాకే సిగ్గేసింది.

అన్నానికి పిలవడానికి వచ్చిన అత్తగారు మామను అడిగారు.

"గెలిచినావా?"

"లేదు."

"ఓడిపోయినావా?"

"అదీ లేదు."

"మరి పొద్దున్నించీ ఏం చేసినారు మీరు ముగ్గురూ?"

మామ నట్లన్నీ ఏరి తిరిగి డబ్బాలో వేశారు.

మరుసటి ఆదివారం ఆ రైతు పనేమీ లేకుండానే బస్సెక్కి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మామ పద్దెనిమిది ఎత్తుల్లోనే ఓడిపోయారు.