మా ఇంటి పీపీ నంబరు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వేంపల్లెలో మా వీధికంతా ఒకటే ఫోను ఉండేది, అదీ మా ఇంట్లో. కిరాణా వ్యాపారం కోసం మా ఆయన పెట్టించాడు. వీధిలో సగం మంది దాన్నే పీపీ నంబరని చుట్టాలకు ఇచ్చేవారు. ఎవరికైనా ఫోను వస్తే పెట్టేసి, నేను వెళ్ళి పిలుచుకురావాలి. అవతలివాళ్ళు పది నిమిషాలాగి మళ్ళీ చేస్తారు. నాకా తిరుగుడంటే ఒళ్ళుమంట. ఫోనున్న ఇల్లన్న గొప్ప మాత్రం కావాలి.

వీధి చివర చర్చికి వెళ్ళే ఒక కూలి కుటుంబం ఉండేది. భార్య పిల్లలను భర్త దగ్గర వదిలి, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి రెండేళ్ళు కావస్తోంది. నెలకో శుక్రవారం అక్కడి టెలిఫోను బూత్ నుంచి ఫోను చేసేది. ఆమె భర్తను మేము లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. ఫోను కిటికీలో పెడితే బయట నిలబడి మాట్లాడేవాడు. వెళ్ళాక రిసీవరు తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది.

"అక్కా, మా ఆయన్ను పిలుచుకోని రాక్కా. ఈడ పనిచేసే ఇంటోళ్ళు ఇంకో రెండేండ్లు ఉండమంటాండారు. ఈ పొద్దే చెప్పల్లంట. ఆయన్ను ఒక మాట అడగల్ల."

సరేనన్నాను. బయట ఎండ మండిపోతోంది. అన్నం తిని అప్పుడే నడుం వాల్చాను. ఫ్యాను కింద పడుకుని పది నిమిషాలూ గడియారం చూశాను. మళ్ళీ మోగింది.

"పోయొస్తిమ్మా, మీ ఇంటికి బీగం వేసిండాది" అన్నాను.

"అట్లనా... పాపం, ఎండలో నిన్ను తిప్పితినే అక్కా" అని పెట్టేసింది.

మరుసటి నెల కిటికీ దగ్గర మాట్లాడి ఆమె భర్త ఫోను నా చేతికిచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టేసిందంటమ్మా. వచ్చేయమని చెప్దామనుకుంటి. ఆ పొద్దు నేను ఇంట్లోనే పండుకోనుంటి అనుకుంటాండా. నువ్వు ఎండలో వచ్చి చూసినావంటే బీగం ఉండేదే నిజం. నేనే యాడికో పోయింటా."

అప్పుడైనా చెప్పాల్సింది. "శానా దినాలాయ కదప్పా, మతికి రాదులే" అన్నాను. ఎంత పాపిష్టిదాన్ని!

ఆయన నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ ఇంకా ఎందుకు రాలేదని పిల్లలు అడిగితే, తప్పు తనదేనని చెప్పి ఉంటాడు.