జాజు గుర్తు

తొమ్మిదేళ్ళుగా ఒక మంచాన్ని మోస్తున్నాను. వడ్రంగిని, మంచాలు మోయడం నాకు కొత్తేం కాదు. కానీ ఈ మంచం మా బత్తలపల్లెలోనే వేరే ఇంట్లో ఉంది. దాని మీద వేరే మనిషి పడుకుంటోంది. బరువు మాత్రం నాది. పోయిన నెల దాకా నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, అదే నా ధైర్యం.

ముందు నా పనేమిటో చెప్పాలి. ఈ కాలం షాపుల్లో కొనే మంచాలూ బీరువాలూ చూడ్డానికి జిగేల్‌మంటాయి. లోపల ఉండేది రంపపు పొట్టును జిగురుతో అదిమిన అట్ట. ఒక్కసారి తడిసిందా, టీలో ముంచిన బిస్కెట్టే. అలాంటివి బాగుచేయమని నా పని కొట్టానికి తెస్తారు. పైన వాళ్ళకు నచ్చింది ఉంచేసి, లోపలి అట్టంతా పీకి, వేపో తుమ్మో టేకో అసలైన కర్ర వేసి మళ్ళీ కడతాను. పైన షోకు షాపువాడిది, లోపల సత్తువ నాది అని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్పే నా కొంప ముంచింది.

నారాయణమ్మ తెచ్చిందీ అలాంటి మంచమే. తలవైపు అద్దం, అద్దానికి అటూ ఇటూ రెండు నెమళ్ళు. ఆమె భర్త ఓబులేసు అనంతపురంలో ముచ్చటపడి కొన్నాడు. రెండో ఏడు కప్పు కారి, మంచం ఉబ్బి కుంగింది. ఆ ఏడే ఓబులేసు కామెర్లతో పోయాడు. తర్వాత చేను సోలార్ వాళ్ళకు గుత్తకు పోయింది. గట్ల మీది చెట్లన్నీ కొట్టేయాలన్నారు. వాటిలో బోరు పక్కనున్న వేపచెట్టు ఒకటి. బోరులో నీళ్ళు పడిన రోజు ఓబులేసు నాటాడు. బోరు మూడేళ్ళకే ఎండిపోయింది, చెట్టు మాత్రం ఎదిగింది. ఆ చెట్టును కోత మిల్లులో కోయించి, ఎనిమిది పలకలు ఆటోలో వేసుకుని వచ్చింది. ఆయన కొన్న మంచం, ఆయన పెట్టిన మాను, రెండూ ఒకటి చెయ్యన్నా అంది. ఇంకేమీ అడగలేదు.

మా నాయన కాలం నుంచీ మా కొట్టంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కర్ర వాళ్ళు తెచ్చుకుంటే, వాళ్ళ వేలితోనే జాజు ముంచి గుర్తు పెట్టించాలి. జాజంటే తెలుసు కదా, గడపలకు పూసే ఎర్రమన్ను. ఒకరి కర్ర ఇంకొకరి కర్రలో కలవకుండా అది కాపలా. గుర్తున్న వైపు చిత్రిక పట్టి నునుపు చెయ్యం, దాన్ని అడుగువైపుకు వేస్తాం. ఆ గుర్తును వడ్రంగి ముట్టుకోకూడదు. మా నాయన దాన్ని ఒట్టు కిందే లెక్కపెట్టేవాడు. నారాయణమ్మ ఒక పలక మీద మూడు గీతలు గీసి, కింద ఒక చుక్క పెట్టింది. మూడో గీత దగ్గర వేలు వణికి పక్కకు పోయింది.

పచ్చి వేప ఏడాది పాటు నీడలో ఆరాలి. వెనకటికి చెరువులో నానబెట్టి ఆరబెట్టేవారు. మా చెరువులో నీళ్ళెక్కడివి? ఏడాది పడుతుందన్నాను, సరేనంది. చాప మీద పడుకుంటానంది. ఆమెకు లేని తొందర నాకెందుకు? పెళ్ళిళ్ళ పనులు వచ్చి పడ్డాయి, కొట్టంలో చోటు లేదు. నాలుగు రోజులే కదా అని పలకలను రేకుల కప్పు మీదకు ఎక్కించాను. నడి వేసవిలో. ఆ తర్వాత మర్చిపోయాను. మూడు వారాలకు దింపితే ఎనిమిదికి ఎనిమిదీ మెలి తిరిగి, ఈ కొస నుంచి ఆ కొసకు చీలి ఉన్నాయి.

పని నేర్చుకునేవాడికి కూడా తెలిసిన సంగతి. నాకు తెలియదా?

ఆ రోజే వెళ్ళి చెప్పి ఉంటే తిట్టేది, ఏడ్చేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను, భయమనీ, ఆమె బాధపడుతుందనీ ఏవేవో చెప్పుకున్నాను, కానీ నిజం చిన్నది. వాడి చేతిలో చెక్క చీలదు అని ఊళ్ళో నాకు పేరు. ఆ పేరు పోతుందని.

తాడిపత్రి వైపు కూలగొట్టిన పాత ఇంటి వేప దూలాలు కొన్నాను. ఆమె చెట్టు కంటే గట్టి కర్ర. ఆ మాట చెప్పుకుని కొన్నాళ్ళు మనసును జోకొట్టాను. ఆ దూలాలు కోయించి మంచం కట్టాను. గడువు దగ్గరపడ్డాక జాజు కలిపి, నా వేలు ముంచాను. ముందు ఒక చిత్తు చెక్క మీద నాలుగుసార్లు గీసి చూసుకున్నాను, మూడో గీత ఆమె గీసినట్టే పక్కకు పోవాలని. పొరపాటు చేసేవాడు ఇలా సాధన చేస్తాడా? చీలిన పలకలు టీ హోటల్ పొయ్యికి ఇచ్చేశాను. మర్నాడు అక్కడే టీ తాగాను.

మంచం దింపిన రోజు నారాయణమ్మ నేల మీద వెల్లకిలా పడుకుని మంచం కిందకు జరిగింది. గుర్తును వేలితో తడిమి, కళ్ళకద్దుకుంది. బయటకు వచ్చేసరికి రెప్పల మీద ఎర్రగా జాజు. ఏడాది నాటి గుర్తు అలా అంటదు, కర్ర తాగేస్తుంది. ఆమెకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. కూర్చోమని పూర్ణం ఓళిగలు పెడితే, తిని వచ్చాను.

ఆ తర్వాత ఆమె, మా ఆయన మాను మీదే పడుకుంటున్నానని అందరికీ చెప్పుకునేది. నేను కనిపిస్తే అన్నా అని ఎంత దూరం నుంచైనా పిలిచేది. నేను ఆమె వీధే మానుకున్నాను. మా ఇంటికి చుట్టుదారిన పోయేవాణ్ణి.

పోయిన నెల ఆ మంచం మళ్ళీ నా కొట్టానికి వచ్చింది. వెనకే నారాయణమ్మ. ఇంట్లో దేవుని గూడు కట్టించింది. గుర్తున్న పలక తీసి గూటికి తలుపు చెయ్యాలట, గుర్తు బయటికి కనపడాలట. మంచం బోర్లించాను. ఉలి చేతిలోకి తీసుకున్నాను. దేవుడి ముందు నా దొంగ గీతలు పెట్టి, ఆమె వాటికి రోజూ దణ్ణం పెట్టుకోవాలా? ఉలి కింద పెట్టి, ఇది మీ మాను కాదమ్మా అని మొదలుపెట్టి, కప్పు మీది ఎండ నుంచి దూలాల దాకా చెప్పేశాను. ఆమె మంచం పట్టె పట్టుకుని నిలబడే వింది.

"అయితే తొమ్మిదేండ్లు నేను ఎవురి ఇంటి దూలం మింద పండుకున్నానప్పా?" అంది.

"ఎవురిదో నాకూ తెల్దమ్మా."

"మా మాను యాడికి పోయినాది?"

"హోటల్ పొయ్యిలోకి."

"మరి ఈ గుర్తు?"

"నేనే పెట్టినా."

వంగి మూడో గీతను చూసింది. "నా యేలు వణికింది గూడా దొంగతనం చేసినావు," అంది. మంచం అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

మీతో అబద్ధమాడను. ఆమెకు ఓబులేసు రెండోసారి పోయిన రోజది. ఆ రోజు నేను ఎన్నో ఏళ్ళకు కడుపునిండా అన్నం తిన్నాను. సిగ్గేసింది, అయినా తిన్నాను. ఊపిరి లోపలిదాకా పోయింది. నా భార్యకూ చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అది కూడా తేలికగానే ఉండింది.

వారానికి నారాయణమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"గూటికి తలుపు చెయ్. యా చెక్కయినా సరే. గుర్తు మాత్రం పెట్టగాకు," అంది. మంచం వైపు చెయ్యి చూపించి, "అది చెరిపేసి పంపించు. కింద పండుకుంటే నడుము నొస్తాంది."

ఆమె ఎదుటే చిత్రిక పట్టాను. ఎర్రటి పొట్టు నా పాదాల మీద రాలింది. కింద మామూలు కర్ర బయటపడింది.

ఆమె నన్ను క్షమించలేదు. నేను అడగనూ లేదు. ఇప్పుడు అన్నా అని పిలవడం లేదు. అరుగు మీద కూర్చుని, నేను పోతుంటే అలా చూస్తుంది. చూడనీ. నేను మాత్రం రోజూ ఆమె వీధిలో నుంచే ఇంటికి పోతున్నాను.