వెంకట్రాములు పెద్దరికం

అబుదాబి ముసఫ్ఫా లేబర్ క్యాంపులో వెంకట్రాములు గదికి వెళ్లి, తినకుండా బయటపడటం ఎవరి తరమూ కాదు. జగిత్యాల వైపు నుంచి వచ్చి, వెల్డింగ్ షాపులోనే తల నెరిసిన మనిషి. ఏం వండాలి, ఎవరు వండాలి, అన్నీ ఆయన నోటి మాట మీద నడిచేవి. కరోనా వచ్చిన ఏడాది గదుల తలుపులు మూసేసినప్పుడు, దుప్పట్లు కప్పుకుని ఏడ్చే కుర్రాళ్లను తిట్టి తిట్టి తినిపించాడు. అలాంటి మనిషిని 2022లో ఒక ఆదివారం గదిలోవాళ్లంతా చేతులెత్తి ఓటేసి దించేశారు.

దించింది పగవాళ్లా? కాదు, ఆయన చేతి ముద్ద తిన్నవాళ్లే. సిరిసిల్ల కుర్రాడు ప్రమోద్ లేచి, "కాకా, పెద్దవు నువ్వే. గానీ ఏం వండాలె, ఎవలు వండాలె అన్నది ఇగ అందరం అనుకొని చేస్తం" అన్నాడు. పేరు నీది, పెత్తనం మాది అన్నమాట. వంటల బాధ్యత ప్రమోద్‌కే ఇచ్చారు. వెంకట్రాములుకు కడుపు మండిపోయింది. మరునాడే క్యాంపు నడిపే ముదీర్ దగ్గరకు పోయి, తనను మఫ్రఖ్ క్యాంపుకు మార్చమన్నాడు. అక్కడ మంచం ఖాళీ అయితే బస్సు పంపిస్తానన్నాడు ముదీర్.

ఆ రోజుల్లోనే ఇంగ్లండు రాణి పోయింది. అబుదాబిలోనూ జెండాలు సగానికి దించారు. మెస్ హాల్లో టీవీ ముందు కూర్చుని, "ఎన్ని హుకుంలు ఇచ్చెనో ఆ తల్లి" అన్నాడు వెంకట్రాములు.

"హుకుం లేదు, ఏం లేదు కాకా" అన్నాడు ప్రమోద్. "మంత్రులు రాసిచ్చింది సదువుతది. ఓట్లల్ల గెలిచినోళ్లను పిలిచి, రాజ్యం నడుపుండ్రి అంటది. అంతే."

"మరి డెబ్బై ఏండ్లు ఏం జేసిందిరా?"

"ఉన్నది."

ఉండటం కూడా ఒక పనేనా! వెంకట్రాములుకు నమ్మకం కుదరలేదు. అంతలో టీవీలో ఒక ఫోటో వచ్చింది. పోవడానికి రెండు రోజుల ముందుదట. ఒంగిపోయిన నడుము, చేతిలో కర్ర, చర్మం కమిలిన చేయి. ఆ చేతినే కొత్త ప్రధానమంత్రికి అందిస్తూ నవ్వుతోంది. అలా తన ముందుకు వచ్చినవాళ్లలో పదిహేనోవారట!

వెంకట్రాములు టీవీ దగ్గరికి జరిగాడు. మన తాతల్ని ఏలిన సింహాసనమే కదా అంటారా, ఆ లెక్క వేరే తేల్చుకుందాం. ఈ ముసలమ్మను చూడండి. వచ్చినవాళ్లు నచ్చారో లేదో ముఖం చూస్తే తెలియదు. చావు గడపలో నిలబడి కూడా, తనది కాని పెత్తనాన్ని తన చేతుల మీదుగా ఇంకొకరికి అప్పగించింది. పెత్తనం పోయిందని మూటాముల్లె సర్దుకున్న వెంకట్రాములుకు అక్కడే సిగ్గేసింది. అయినా మఫ్రఖ్ మాట వెనక్కి తీసుకోలేదు. మొండితనం అంత తేలిగ్గా పోతుందా!

నెల తిరక్కముందే ప్రమోద్ వంతు వచ్చింది. మళ్లీ చేతులెత్తితే వంటల బాధ్యత అదే గదిలో ఉండే పోశయ్యకు పోయింది. ఓట్లన్నవాడే ఓటమి మింగలేక వేరు కుంపటి పెట్టాడు. ఎప్పుడూ ఒకే గిన్నె ఉన్న గదిలో రెండు గిన్నెలు, రెండు భోజనాల బంతులు. సరిగ్గా అదే ఆదివారం మఫ్రఖ్ బస్సు వచ్చి కింద ఆగింది.

"కాకా, పోయే ముందు మా దిక్కు తిను" అన్నాడు పోశయ్య.

"మా దిక్కు తిను" అన్నాడు ప్రమోద్.

ఎవరిది తప్పని అడిగితే చెప్పడానికి వెంకట్రాములు దగ్గర బోలెడన్ని మాటలున్నాయి. వాటిని మింగేశాడు. మోకాలు సహకరించకపోయినా గది నడుమ చాప పరుచుకుని, ఖాళీ పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎటూ చూడలేదు. కూర చల్లారుతోంది. పెద్దాయన ముట్టకుండా ముద్ద ఎత్తే ధైర్యం ఆ గదిలో ఒక్కడికీ లేదు. కిందనుంచి హారన్ మోగింది.

ముందు పోశయ్య తన గిన్నె తెచ్చి చాప మీద పెట్టాడు. కాసేపు గోడకేసి చూసి, ప్రమోద్ కూడా తన గిన్నె తెచ్చి దాని పక్కనే పెట్టాడు. వెంకట్రాములు రెండింటిలోంచీ కొంచెం కొంచెం వడ్డించుకున్నాడు.

"తినుండ్రి" అన్నాడు.

మళ్లీ హారన్ మోగింది. ప్రమోద్ కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవర్‌కు చేయి ఊపాడు.

"ఖలాస్ భాయ్, మా కాక రాడు."