లోపల ఉన్నవాళ్ల పట్టిక

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. కంప్యూటర్ల మీద ఉంది. మోసపోయింది మాత్రం వాటి చేతిలోనే.

సూరత్ పాండేసరలో బట్టలకు రంగులేసే ఒక మిల్లులో సర్వర్ చూసుకునే పని నాది. గేటు దగ్గర కార్మికులు కార్డు గీస్తే వచ్చిన టైము, పోయిన టైము అందులో ఎక్కుతాయి. షిఫ్టు మారేటప్పుడు లోపల ఎవరెవరున్నారో చూపించడానికి సర్వర్ ఒక టెంపరరీ టేబుల్ తయారుచేసుకుంటుంది. పని కాగానే అది చెరిగిపోతుంది. అక్కడ నేనూ టెంపరరీయే. నాకు టేబుల్ కూడా లేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం మూడింటికి, ఆ టేబుల్ తయారవుతుండగా సర్వర్ కుప్పకూలింది. మళ్లీ లేపాను. సర్వర్ పడిపోతే టెంపరరీ టేబుల్ మిగలదు. ఇది మిగిలింది. అందులో ఒకటే వరస: నర్సయ్య, వచ్చింది 2:52, పోయిన టైము ఖాళీ.

నర్సయ్య మా అక్క భర్త, అదే మిల్లులో రంగు మెషీన్ నడుపుతాడు. పన్ను పీకించుకుని, చెప్పి రెండు రోజులు సెలవు పెట్టాడు. ఫోన్ చేశాను.

“ఏంది బామ్మర్ది, నీ డబ్బాల నేను ఇరుక్కున్ననా? ఇంట్ల జావ తాగుతున్న. జర తాగనియ్యి!”

గేటు నమోదులో ఆయన కార్డు గీసినట్టే లేదు. టేబుల్ చెరిపేశాను. మంగళవారం మూడింటికి మళ్లీ కూలింది. మళ్లీ అదే వరస, అదే 2:52.

సాఫ్ట్‌వేర్ వాళ్లు తెలిసిన లోపమే అన్నారు. టెంపరరీ టేబుళ్లతో అప్పుడప్పుడు సర్వర్ పడిపోతుందట, కొత్త వెర్షన్ వేసుకోవాలట. మిగిలిన టేబుల్ మాటెత్తితే, “అట్లా మిగలదు సార్” అన్నారు. ఫోటో పంపాను. తిరిగి కొత్త వెర్షన్ లింకు పంపారు.

బుధవారం బావ మధ్యాహ్నం షిఫ్టుకు ఎక్కాలి. పొద్దున్నే బమ్రోలిలో వాళ్లింటికి వెళ్లి, ఈ ఒక్కరోజు ఆగమని బతిమాలాను.

“నీ సర్వర్‌కు జరమొస్తే నేను పండుకోవాల్నా?” అన్నాడు. అక్క ముఖం చూసి ఆ పూటకు ఇంట్లోనే ఆగిపోయాడు.

మూడింటికి సర్వర్ పడలేదు. హాయిగా చాయ్ తాగాను.

నేను మరిచింది ఒకటుంది. చెప్పకుండా నాగా పెడితే మెషీన్ ఇంకొకరి చేతికి పోతుంది. అందుకని ఇక్కడి మన తెలుగువాళ్లు తమ కార్డు ఇచ్చి తమ బదులు మరో మనిషిని పంపుతారు. ఈ సంగతి వాచ్‌మన్‌కూ తెలుసు, నాకూ తెలుసు.

బావ కార్డు మీద పక్కింటి రాజేశం వెళ్లాడు. మూడుంబావుకు రంగు మెషీన్ మూత ఎగిరి, మరిగే నీళ్లు అతని మీద పడ్డాయి. రెండు రోజులకు ఆస్పత్రిలో పోయాడు.

గేటు నమోదు తెరిచాను. నర్సయ్య, 2:52. పోయిన టైము ఖాళీ.

కొత్త వెర్షన్ వేశాక సర్వర్ మళ్లీ పడలేదు. అది ఎందుకు పడిందో ఎవరినడిగినా చెబుతారు. ఆ వరస ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు.

నెల తర్వాత రాజేశం భార్య అడిగింది. “అన్నా, ఆ దినం నర్సన్న మంచిగనే ఉండె గద. ఎందుకు పోలే?”

తెలియదమ్మా అన్నాను. అబద్ధమాడానని చాలా రోజులు సిగ్గుపడ్డాను. ఎంత ఆలోచించినా, నా దగ్గరున్న నిజం కూడా ఆ ‘తెలియదు’ అన్నదే.