దసరాకు కడిగిన గిటార్లు

నా కుడి చెవి సరిగా వినబడదు. పెళ్లయిన కొన్నేళ్లకు నా భర్త కొట్టిన దెబ్బ అది. ఇల్లు తుడుస్తూ తుడుస్తూ అదే తడిబట్టతో ఆయన స్టీల్ గిటార్‌ను కూడా తుడిచాను. అరచేత్తో ఒక్కటి వేశాడు, పోయి గోడకు తగిలాను. "దీనికి నీళ్లు తాకిస్తే చేతులు నరుకుత" అన్నాడు. ఎందుకు తాకించకూడదో మాత్రం చెప్పలేదు. ఆయనకు కొట్టడం వచ్చు, చెప్పడం రాదు. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని, అడగడం నాకూ రాలేదు.

మేము నేతపని వాళ్లం. ఆయన చాలా ఏళ్లు భివండిలో మరమగ్గాల మీద పనిచేశాడు. సెలవు దొరికితే బొంబాయి పోయి పాత సామాన్ల బజారులో తిరిగేవాడు. అక్కడే ఒకదాని తర్వాత ఒకటి మూడు వాయిద్యాలు కొన్నాడు. ఒకటి కరెంటు గిటార్. ఇంకొకటి బేస్, దానికి నాలుగే తీగలు, అన్నీ లావువి. మూడోది ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించే స్టీల్ గిటార్. మూడూ అమెరికాలో ఒకే కంపెనీ చేసినవి. మూడింటి తల మీదా ఒకే గుర్తు. "ఒక్క తల్లి పిల్లలే ఇవి" అనేవాడు. కన్న కొడుకులను అంత మెత్తగా ముట్టుకోవడం నేను చూడలేదు.

మా ఊరు సిద్దిపేటకు తిరిగొచ్చాక పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపాడు. పెద్దవాడికి గిటార్, చిన్నవాడికి బేస్ నేర్పాడు. తప్పు వాయిస్తే బెల్టుతో కొట్టేవాడు. పెద్దవాడు ఒకనాడు వీపంతా వాతలతో లేచి బయటికి పోయి మళ్లీ గిటార్ ముట్టలేదు. ఇప్పుడు వాడికి టైల్స్ దుకాణం ఉంది. చిన్నవాడు దెబ్బలు తింటూనే నేర్చుకున్నాడు. ఊరూరా ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించే బతికాడు. బయటికి కొత్త బేస్ పట్టుకుపోయేవాడు, తండ్రిదాన్ని ఇంట్లోనే వాయించుకునేవాడు.

నా భర్త పోయాక ఏడాది పండుగలు చేయలేదు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి దసరా పోయినేడాదిది. అప్పటికి నెల రోజులుగా ఇంట్లో కొట్లాటే. పాత వాయిద్యాలు కొనే ఒకాయనను పెద్దవాడు హైదరాబాద్ నుంచి మాట్లాడిపెట్టాడు. ఆయనకు మూడూ కలిపే కావాలి. చిన్నవాడు బేస్ ఇవ్వనన్నాడు. ఒకరు పళ్లెం విసిరితే ఇంకొకరు చెప్పు విసిరేదాకా వచ్చింది. ఆ కొనే ఆయన పండుగ దాటిన మూడో రోజు వస్తానన్నాడు.

దసరాకు మా కులంలో పనిముట్లను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కోడిని కోసి ఆ నెత్తురు చుక్క వేస్తాం. మగ్గమైనా అంతే, స్కూటరైనా అంతే. నా భర్త బతికున్నన్నాళ్లు ఆ మూడింటికి ఇది జరగనివ్వలేదు, వాటి పెట్టెల మీద బొట్టు పెట్టి ఊరుకునేవాడు. ఈసారి చేసేది నేను. కొడుకులిద్దరూ బయటికి పోయిన వేళ మూడింటినీ నల్లా దగ్గరికి మోసుకుపోయాను. బట్టల సబ్బు, కొబ్బరి పీచు పెట్టి రుద్దాను. నల్లటి మురికి దిగింది, దానితో ఎర్రరంగు కూడా పొరలుగా లేచింది. మురికే అనుకున్నాను. తీగల కింద ఉన్న చిన్న పెట్టెల్లోకి చెంబుతో పోశాను. డాబా మీద ఎండబెట్టి, పసుపు పూసి, కోడి మెడ కోసి ఒక్కోదాని మీద నెత్తురు వేశాను. భక్తి ఒక్కటే అంటే అబద్ధం. రుద్దినంతసేపూ చెవి దెబ్బ గుర్తొస్తూనే ఉంది. ఇప్పుడు లేచి వచ్చి కొట్టు చూద్దాం అనుకున్నాను. తర్వాత పెట్టెల్లో పెట్టి మూశాను, ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు ఆ కొనే ఆయన వచ్చి పెట్టెలు తెరిచాడు. రంగు పగుళ్లలో పసుపు దిగి ఉంది, తీగల కింద నెత్తురు ఎండి ఉంది. కరెంటు పెట్టి మీటితే బుర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. తీగల కింద చప్పుడు పట్టే ఆ చిన్న పెట్టె ఒకదాని మూత మరలు విప్పాడు. లోపల వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ చుట్టి ఉంది, ఇంకా తడి ఆరలేదు.

"ఎవరో నీళ్లు పోసి కడిగిన్రు. పాతరంగుకే వీటికి ఇలువ, గది పోయింది. సప్పుడూ పోయింది" అన్నాడు. చాయ్ కూడా తాగకుండా పోయాడు.

పెద్దవాడు తమ్ముడి వైపు తిరిగాడు. అమ్మకం చెడగొట్టడానికి వాడే కడిగాడని అనుకున్నాడు. అట్లా ఎవరైనా అనుకుంటారు.

"నేను ముట్టలే అన్నా" అన్నాడు చిన్నవాడు. మొదటి దెబ్బ నోటి మీద పడింది.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పుడే చెప్పి ఉండవచ్చు. దెబ్బలకు భయపడి కాదు ఆగింది, ఎన్ని తినలేదు. ఉప్పు ఎక్కువేస్తే కోడళ్లను నిలబెట్టి అడిగేదాన్ని, గిన్నెకు సొట్ట పడితే ఎవరు చేశారో తేలేదాకా అన్నం పెట్టనిదాన్ని. ఆ ఇంట్లో తప్పు నాదని అనడానికి నోరు లేవలేదు. చిన్నవాడు కింద పడి అన్న చేతిని కండ లేచేలా కొరికాడు. పెద్దవాడు వాడి ఎడమ చేతిని నేలకు నొక్కి, బేస్ పెట్టె ఎత్తి దాని అంచుతో వేళ్ల మీద వేశాడు. ఎండు పుల్లలు విరిగినట్టు వినబడింది. తీగలు నొక్కే చేయి అది.

"ఇడువురా. నేనే కడిగిన" అన్నాను.

"వాన్ని ఎనకేసుకరాకు అవ్వా" అన్నాడు పెద్దవాడు. అని, ఆ చేతిని మడమతో తొక్కాడు.

చేతి మీది ఆ రెండో దెబ్బ నా ఆలస్యానికి పడింది. పరుగెత్తి నల్లా దగ్గర్నుంచి పీచు తెచ్చి వాడి ముఖాన కొట్టాను. ఇంకా వాడుకోవచ్చని దాచిన పీచు, ఎర్రరంగు అంటుకునే ఉంది. అప్పుడు వాడు కాలు తీశాడు.

దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో తీయించి మూడు వేళ్లు విరిగాయంది, ఎట్లా జరిగిందని అడిగింది. పెద్దవాడు అప్పటికే నా చెవిలో చెప్పాడు, మెట్ల మీద పడ్డాడని చెప్పమని, లేకుంటే కేసవుతుందని. మంచం మీద చిన్నవాడు కూడా అవునన్నట్టే తల ఊపాడు.

"అన్న తొక్కిండు. తప్పు చేసింది నేను, నిలవడి చూసింది నేను. మొత్తం రాయి బిడ్డా" అన్నాను.

పోలీసులు వచ్చారు. పెద్దవాడిని తీసుకుపోయి కూర్చోబెట్టారు, రెండు తగిలించారు కూడా. తర్వాత చిన్నవాడే కట్టు చేతితో ఠాణాకు పోయి రాజీ రాసిచ్చాడు. వచ్చి నన్ను అడిగాడు:

"చెప్పాల్సినప్పుడు సప్పుడు జెయ్యకపోతివి. నన్ను కొట్టింది వాడు, నేను ఊకున్న. నడుమ నువ్వెందుకు చెప్పినవ్?"

దవాఖానలో చెప్పింది వాడి కోసం కాదు, నా గొంతులో అడ్డం పడ్డదాన్ని బయటికి ఉమ్మడానికి. ఆ సంగతి వాడికి తెలిసింది.

అన్నదమ్ములు కలిసిపోయారు. చిన్నవాడు ఇప్పుడు అన్న దుకాణంలో టైల్స్ చూపించి అమ్ముతున్నాడు. బేస్ వాయించడం అయిపోయింది, ఉంగరం వేలు, చిటికెన వేలు వంగవు. ఇద్దరూ నాతో మాట్లాడరు.

రోజూ పొద్దున చిన్నవాడి చేతికి నూనె పెట్టి వేళ్లు వంచమని డాక్టరమ్మ చెప్పింది. కోడలికి అంత గట్టిగా వంచడం మనసొప్పదు, నేను వంచుతాను. చేయి ఇస్తాడు, ముఖం గోడ వైపు పెడతాడు. నొప్పి ఎక్కువైనప్పుడు రెండో చేత్తో నా మణికట్టు మీద కొడతాడు, బలంగానే. అక్కడ కమిలి నల్లబడింది. నేను వేలు వదలను.