మామిడికాయ కత్తికి ఏ స్టీలు

ఎల్లప్ప తడిరాయి మీద కత్తి అంచు లాగి, బొటనవేలితో పదును చూశాడు. వడమాలపేట రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఇరవై ఏళ్లుగా కత్తులు చేస్తున్నాడు. మొదట్లో లారీ కమాను పట్టీలతో చేసేవాడు, తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలుకు మారాడు. ఏ స్టీలు ఎంత వేడికి గట్టిపడుతుందో ఎవరూ నేర్పలేదు. గోతాం నిండా పట్టీలు చెడగొట్టుకుని నేర్చుకున్నాడు.

ఎదురుగా స్టూలు మీద మోహన కూర్చుని ఉంది. ఆమెది పచ్చళ్ల వ్యాపారం. ఇనుప కత్తితో కోసిన మామిడి ముక్కలు నల్లబడ్డాయని పోయిన వారమే తిరుపతి హోటలు వాళ్లు జాడీలు తిప్పి పంపారు. ఈసారీ నల్లబడితే ఇక ఆమె పచ్చడి వాళ్లకు అక్కర్లేదు. సాయంత్రానికి నాలుగు కత్తులు కావాలి.

ఆమె సంచిలోంచి అయస్కాంతం తీసి కత్తికి ఆనించింది. టక్కున అతుక్కుంది.

“ఇది ఇనుమే గదన్నా! మంచి స్టీలుకు అంటుకోదు.”

“అది గిన్నెలు కొనేటప్పుడు సూసేదమ్మా. కత్తికి కాదు.”

“తుప్పు పడితే?”

“కడిగి తుడిస్తే పట్టదు. ఉప్పునీళ్లలో నానబెడితే నాకైనా పడతాది.”

ఆమె వినలేదు. పాత్రల అంగట్లో తెచ్చిన దళసరి రేకు ముక్క తీసి, “దీంతో చెయ్. దీనికి అంటుకోదు” అంది.

ఎల్లప్ప పళ్లు కొరికాడు. మాటలతో అయ్యేది కాదని రేకును కోసి, కాల్చి, పదును పెట్టి ఆమె చేతికే ఇచ్చాడు. మొదటి కాయ తెగింది. రెండో కాయ టెంకకు తగలగానే అంచు మడతపడింది.

“ఇంకా కాల్చి సూడన్నా.”

“షెడ్డు తగలబెట్టినా ఇది గట్టిపడదు తల్లీ! గిన్నెలకు పనికొచ్చే స్టీలు ఇది.”

తన కత్తితో పది కాయలు టెంకతో సహా చీల్చి, ముక్కలు దానిమీదే కుప్పపోసి అన్నానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మోహన ఒక్కో ముక్కా తిప్పి చూస్తోంది. నలుపు లేదు. కత్తి మీద మచ్చ లేదు.

“ఇదేదో పొద్దున్నే సూపించుంటే పోయేది గదా!”

ఎల్లప్ప మిగతా మూడింటికీ పదును పెట్టి, నూనెగుడ్డతో తుడిచాడు.

“చేతికియ్యొద్దన్నా, తగాదా వస్తాది. కింద పెట్టు.”

“ఇంకా రావాల్నా?” అంటూ నాలుగు కత్తులూ గోనెపట్టలో చుట్టి బల్ల మీద పెట్టాడు. మోహన మూట ఎత్తుకుంది.