మేడం ఎదురుచూపుల ఎర్రగీత

మా మేడం పోయారని ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. పరుగున నీలం నగర్‌లో వాళ్లింటికి వెళ్లేసరికి మా డిపార్ట్‌మెంట్ హెడ్ గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. "మంచి మనిషి పాపం. పనిలోనే కాస్త నెమ్మది," అన్నాడు నాతో. లోపల శవం ఇంకా లేవలేదు. ఆ మాటను నేను క్షమించలేదు, క్షమించను కూడా.

ఒకే లెక్కను చాలా కంప్యూటర్లు పంచుకుని, ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటూ ఎలా చేస్తాయో కాలేజీలో ఆమె మాకు చెప్పేవారు. ఒకసారి మా ప్రోగ్రామ్ ఈడ్చుకుంటూ నడిచింది. మూడో కంప్యూటర్ మొద్దు, తీసి పారేద్దామని తీర్మానించాం. మేడం ఒక్కోదానికి ఒక్కో గీత గీయించారు. పనిచేసినంతసేపు ఆకుపచ్చ, సందేశం కోసం ఆగినంతసేపు ఎరుపు. మూడోదాని గీత నిండా ఎరుపే. రెండోది దానికి సందేశం ఆలస్యంగా పంపుతోంది.

అయినా మా బుర్రకెక్కలేదని తమ్ముడి నేత కార్ఖానాకు తీసుకెళ్లారు. ఒక మరమగ్గం, వాళ్ల మాటలో సాంచా, ఆగి ఉంది. నేసే ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "ఈయన పనిదొంగనా?" అని మమ్మల్ని అడిగారు. "దారం కండెలు రాలే మేడం, ఏం నెయ్యమంటరు?" అని ఆయనే నవ్వాడు. మేడం మావైపు తిరిగి, "ఆగినోన్ని తిట్టుడు కాదు బేటా, ఆపినోన్ని ఎతకాలె," అన్నారు. క్లాసులో పుస్తకంలా మాట్లాడే మనిషి సాంచాల మధ్య ఇలాగే మాట్లాడేవారు. చాయ్ కూడా అక్కడైతేనే సాసర్‌లో పోసుకుని తాగేవారు.

ఆమె పీహెచ్‌డీ కూడా ఈ ఎదురుచూపుల మీదే. గైడు ఆ హెడ్డే. ఆమె అధ్యాయం రాసి ఇస్తే నెలల తరబడి ఆయన బల్ల మీద పడి ఉండేది. అడిగితే "చూస్తా, చూస్తా" అనేవాడు. ప్రమోషన్ వచ్చే వేళకు మాత్రం, మేడం నెమ్మది అని పైకి రాసి పంపాడు. ఆమె నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. డిగ్రీ చేతికి రాకుండానే పోయారు.

చావు వాకిట్లో పగ పెంచుకోకూడదంటారు. పెంచుకున్నాను. నేనిప్పుడు ఆ హెడ్ కిందే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. సంతాపసభలో నా వంతు వచ్చినప్పుడు ప్రొజెక్టర్ పెట్టించాను. మేడం తమ్ముడు తాను నేసిన తెల్ల చద్దర్ గోడకు కట్టాడు. ఆమె అధ్యాయాలు ఇచ్చిన తేదీలు, ఆయన తిరిగిచ్చిన తేదీలు పట్టుకుని, ఆమె నేర్పినట్టే రెండు గీతలు గీశాను. పైది హెడ్‌ది, కిందిది మేడంది.

ముందు వరుసలో మేడం తల్లి కూర్చుని ఉంది. "గా ఎర్రది ఏంది బిడ్డా?" అని అడిగింది.

"మేడం ఆగిన కాలం, అమ్మా."

"ఎవరి కోసం ఆగింది నా బిడ్డ?"

నేను వేలెత్తి, సభలో కూర్చున్న హెడ్‌ను చూపించాను. సభంతా అటు తిరిగింది.

హెడ్ లేచాడు. తలుపు చద్దర్ కట్టిన గోడకు అవతలి చివర ఉంది. ప్రొజెక్టర్ వెలుతురులోంచి నడవకుండా బయటికి దారి లేదు. ఆయన నీడ మేడం గీత మీదుగా, ఈ చివర నుంచి ఆ చివరకు, వంగి వంగి పోయింది. అది దాటిపోయాక ఎరుపు మళ్లీ చద్దర్ అంచుదాకా నిండుగా వెలిగింది. ప్రొజెక్టర్ ఆపమని ఎవరూ అనలేదు.